రక్షణ శ్రేణి నుంచి గురుపీఠానికి

భారత ప్రభుత్వం క్రీడారంగంలో ప్రదానం చేసే రెండు ప్రసిద్ధ పురస్కారాలకు మహాభారత పాత్రల పేర్లు పెట్టారు. ఆటలో అసాధారణ ప్రతిభ చూపినవారికి 1961 నుంచి అర్జున పురస్కారాన్ని, ఆట నేర్పడంలో అటువంటి ప్రతిభ చూపినవారికి 1985 నుంచి ద్రోణాచార్య పురస్కారాన్ని ఇస్తున్నారు. మొదటిది శిష్యుని పేరు, రెండవది గురువు పేరు. విల్లు పట్టడం ఒక విద్య, విల్లు పట్టించడం మరొక విద్య. ఒకదానిలో ఆరితేరినవాడు రెండవదానిలోనూ రాణిస్తాడన్న నియమం లేదు. అందుకే ఈ రెండు గౌరవాలూ ఒకే వ్యక్తికి దక్కడం అరుదు.

భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆ అరుదైన గౌరవం మొదటగా దక్కినది హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్‌కు. ఆయన 1970లో అర్జున పురస్కారాన్ని, 1990లో ద్రోణాచార్య పురస్కారాన్ని అందుకున్నారు. అయినా మన రాష్ట్రంలో క్రికెట్ ఆటగాళ్ల పేర్లు తెలిసిన యువతరానికి ఈ పేరు అంతగా తెలియదు. దీనికి ఒక కారణం ఫుట్‌బాల్ ఆదరణ తగ్గడమైతే, మరొక కారణం ఆయన ఆడిన స్థానం. ఆయన గోళ్లు కొట్టే ముందువరుస ఆటగాడు కాదు, గోలు పడకుండా కాచే రక్షకుడు. కొట్టిన గోలు లెక్కలోకి ఎక్కుతుంది. పడకుండా ఆపిన గోలుకు లెక్క లేదు. శిక్షకుని శ్రమ కూడా ఇటువంటిదే. గెలిచిన కప్పు మీద జట్టు పేరు ఉంటుంది కాని, తీర్చిదిద్దిన గురువు పేరు ఉండదు. లెక్కకు అందని ఈ రెండు పనులనే జీవితమంతా చేసిన వ్యక్తి కథను తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

రక్షకుని విద్య

ఫుట్‌బాల్ జట్టులో పదకొండుమంది ఉంటారు. గోల్‌కీపర్‌ను మినహాయిస్తే మిగిలిన పదిమందిని ముందు, మధ్య, వెనుక వరుసలుగా నిలబెడతారు. ఎవరిని ఎక్కడ నిలపాలన్నది యుద్ధంలో వ్యూహరచన వంటిది. కురుక్షేత్రంలో సేనాపతులు ఏ రోజుకు ఆ రోజు వ్యూహాలు మార్చినట్లే, ఫుట్‌బాల్‌లోనూ కాలాన్ని బట్టి వ్యూహాలు మారుతూ వచ్చాయి.

తొలిరోజుల్లో వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు నిలిచేవారు. దాడికే ప్రాధాన్యం ఉండేది. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతవరకు బంతిని అందుకోబోయే ఆటగానికి, ప్రత్యర్థి గోలురేఖకు మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ సంఖ్యను ఇద్దరికి తగ్గించారు. దానితో దాడి చేసేవారి పని సులువై, గోళ్లు విపరీతంగా పెరిగాయి. దీనికి విరుగుడుగా లండన్‌లోని ఆర్సెనల్ జట్టును నడిపిన హెర్బర్ట్ చాప్మన్ మధ్యవరుసలోని ఒక ఆటగాణ్ణి వెనక్కి లాగి, ఇద్దరు బ్యాక్‌ల నడుమ నిలబెట్టారు. ప్రత్యర్థి ముందువరుస నాయకుణ్ణి నిలువరించడమే అతని పని. అతనికే స్టాపర్ అన్న పేరు వచ్చింది. ఆ తరువాత బ్రెజిల్ జట్టు వెనుక నలుగురిని, మధ్యలో ఇద్దరిని, ముందు నలుగురిని నిలిపే పద్ధతితో 1958 ప్రపంచకప్పును గెలుచుకొంది. అప్పటినుంచి రక్షణ శ్రేణి నలుగురితో బలపడింది.

తెలుగులో ఎవరైనా పనికి ఆటంకం కలిగిస్తే సైంధవునిలా అడ్డుపడ్డాడంటాం. పద్మవ్యూహ ద్వారం దగ్గర పాండవులను ఆపిన సైంధవుని పేరు నిందకు మారుపేరైంది. ఫుట్‌బాల్‌లో మాత్రం స్టాపర్‌కు అదే గొప్ప ప్రశంస. అయితే సైంధవునికి శివుని వరం ఉంది, అదీ ఒక్కరోజుకే. రక్షకునికి వరమేదీ లేదు. తొంభై నిమిషాలూ అతనికి ఆధారం చూపు, అంచనా, నిలకడ మాత్రమే. బంతి వెంట పరుగెత్తేవాడు మంచి రక్షకుడు కాలేడు. బంతి ఎక్కడికి రాబోతున్నదో ముందే గ్రహించి అక్కడ నిలిచి ఉండేవాడే మంచి రక్షకుడు. దాడి చేసేవాడు పదిసార్లు తప్పి ఒకసారి సఫలుడైతే వీరుడవుతాడు. రక్షకుడు పదిసార్లు సఫలుడై ఒకసారి తప్పితే దోషి అవుతాడు. ఇటువంటి స్థానంలో నిలబడడానికి కాళ్ల బలం కన్న మనోనిగ్రహం ఎక్కువగా కావాలి.

రహీం నీడలో

నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో జన్మించారు. ఆయన పెరిగిన కాలంలో హైదరాబాదు నగరం భారత ఫుట్‌బాల్‌కు ఒక ప్రధాన కేంద్రం. ఆ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకొంది. కలకత్తా జట్లకు ఎదురులేదనుకొనే రోజుల్లో దక్కనుకు చెందిన ఒక పోలీసు జట్టు ఇంతటి విజయం సాధించడం దేశాన్ని ఆశ్చర్యపరిచింది.

భారత జట్టు శిక్షకునిగా కూడా రహీం సాధించిన విజయాలు అసామాన్యమైనవి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత్ ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో పరాజయం ఎదురైంది. చలిలో వట్టికాళ్లతో ఆడితే ఫలితం ఎలా ఉంటుందో ఆ ఓటమి తెలియజెప్పింది. ఆ పాఠం వ్యర్థం కాలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానంలో నిలిచింది. సికిందరాబాదుకు చెందిన తులసీదాస్ బలరామ్‌తో పాటు పలువురు హైదరాబాదు క్రీడాకారులు ఆ జట్టులో ఉన్నారు.

రహీం బోధనాపద్ధతి ఆలోచింపజేస్తుంది. ప్రతి ఆటగాడు రెండు కాళ్లతోనూ సమానంగా ఆడగలగాలని ఆయన భావించారు. అందుకోసం అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో సాధన చేయించేవారు. బలమున్న చోట పొగడ్తలతో సరిపెట్టుకోక, బలహీనత ఉన్న చోటనే శ్రమ చేయించడం ఆయన సూత్రం. పరిస్థితిని బట్టి ఆటగాని స్థానం మార్చడంలోనూ ఆయన నిపుణుడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో రక్షకుడైన జర్నైల్‌సింగ్ తలకు గాయమైంది. కుట్లు పడిన తలతో వెనుక వరుసలో ఆడడం కష్టమని గ్రహించిన రహీం ఆయనను ముందువరుసకు పంపారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో దక్షిణ కొరియా మీద భారత్ 2–1తో గెలిచింది. ఆ రెండు గోళ్లలో ఒకటి పి.కె. బెనర్జీ, రెండవది జర్నైల్‌సింగ్ సాధించారు. అప్పటికే కేన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ మహాశిక్షకుని చివరి సంవత్సరాల్లో ఆయన దృష్టిలో పడిన యువకుల్లో నయీముద్దీన్ ఒకరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయనకు తొలి పాఠశాల అయింది. గురువు సాన్నిధ్యం లభించిన కాలం చాలా తక్కువ. కాని ఆ కొద్దికాలంలో అలవడిన క్రమశిక్షణ, సమయపాలన, ఆట పట్ల భక్తి ఆయన జీవితమంతా వెన్నంటి ఉన్నాయి. తరువాతి రోజుల్లో తాను గురుస్థానంలో నిలిచినప్పుడు ఆయన శిష్యులకు పంచిపెట్టినది ఈ మూలధనాన్నే.

కలకత్తా మైదానంలో

1966లో నయీముద్దీన్ కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడసాగారు. హైదరాబాదుకే చెందిన మహమ్మద్ హబీబ్ కూడా ఆ కాలంలోనే అదే జట్టులో చేరారు. ఒకరు వెనుక వరుసకు, మరొకరు ముందువరుసకు బలమయ్యారు. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఈ యువకులు వంగభాష రాజ్యమేలే మైదానంలో తమ స్థానం సంపాదించుకొన్నారు.

కలకత్తాలో ఫుట్‌బాల్ ఒక ఆట మాత్రమే కాదు, అది ఒక జీవనవిధానం. అక్కడి మూడు ప్రధాన క్లబ్బులకు మూడు చరిత్రలు ఉన్నాయి. 1889లో స్థాపితమైన మోహన్ బగాన్ 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకొంది. వలస పాలనలో ఆ గెలుపునకు జాతీయోద్యమ గౌరవం లభించింది. 1891లో ఏర్పడిన మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు ముస్లిం సమాజానికి అభిమాన జట్టయింది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారికి, దేశవిభజన తరువాత కాందిశీకులై వచ్చినవారికి ఆత్మీయ ఆశ్రయమైంది. ఒక జట్టు అభిమాని మరొక జట్టు గెలుపును సహించలేనంత పోటీ వీటి మధ్య ఉండేది.

ఆ కాలంలో ఆటగాళ్లు ఏటా జట్లు మారే అవకాశం ఉండేది. బదిలీల కాలం వచ్చిందంటే ఎవరు ఏ క్లబ్బుకు సంతకం చేస్తారన్న ఉత్కంఠ నగరమంతా వ్యాపించేది. నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. నిన్నటి ప్రత్యర్థికి నేడు సహచరుడు కావడం, నిన్న జేజేలు పలికిన ప్రేక్షకుల నుంచి నేడు ఎత్తిపొడుపులు వినడం ఇటువంటి ఆటగానికి తప్పదు. ఊరూరు తిరిగే చేతివృత్తి నిపుణుడు ఎవరి ఇంట పనిచేసినా పనిలో లోటు రానివ్వడు. వృత్తి ఆటగాని ధర్మమూ అంతే. ఏ రంగు చొక్కా తొడిగినా తన వెనుకనున్న గోలును కాపాడడమే అతని కర్తవ్యం. మూడు క్లబ్బుల అభిమానులూ ఆయనను గౌరవించడానికి ఈ వృత్తినిష్ఠే కారణం. 2016లో మోహన్ బగాన్ క్లబ్బు తన అత్యున్నత గౌరవమైన మోహన్ బగాన్ రత్న పురస్కారాన్ని ఆయనకు ఇచ్చింది.

బాంకాక్ కాంస్యం

1970 డిసెంబర్‌లో థాయిలాండ్ రాజధాని బాంకాక్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. శిక్షకుడు జి.ఎం.హెచ్. బాషా. హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో భారత్ 2–0తో ఓడిపోయింది. స్వర్ణం ఆశ అంతటితో తీరిపోయింది. మిగిలినది మూడవ స్థానం కోసం జరిగే పోటీ.

ఆ పోటీలో ప్రత్యర్థి జపాన్. అది సాధారణమైన జట్టు కాదు. రెండేళ్ల క్రితం, అంటే 1968లో, మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యపతకం గెలిచిన దేశమది. ఓటమి తరువాత ఆడే మూడవస్థానపు పోటీలో ఉత్సాహం సహజంగానే తగ్గుతుంది. అటువంటి సమయంలో జట్టును కూడగట్టుకొని నిలబెట్టడంలోనే నాయకుని సత్తా తెలుస్తుంది. భారత్ 1–0తో జపాన్‌ను ఓడించి కాంస్యపతకం సాధించింది. ఒక్క గోలు ఆధిక్యంతో గెలవడమంటే, ఆ గోలు కొట్టినవానితో పాటు, అవతలివారికి ఒక్క గోలు కూడా ఇవ్వని రక్షణ శ్రేణి కూడా గెలిచినట్లే.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన చివరి పతకం అదే. నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించినది ఆ సంవత్సరంలోనే.

గురుపీఠం

ఆట విరమించిన తరువాత నయీముద్దీన్ శిక్షకవృత్తిని చేపట్టారు. గొప్ప ఆటగాళ్లందరూ గొప్ప గురువులు కాలేరు. సహజప్రతిభతో ఆడినవారికి తమకు తెలిసినది ఎలా తెలిసిందో చెప్పడం కష్టం. రక్షకులకు ఈ విషయంలో కొంత అనుకూలత ఉంది. వెనుక నిలిచి ఆడేవానికి మైదానమంతా కళ్ల ముందు పరచుకొని ఉంటుంది. తనవారు ఎక్కడ ఖాళీ వదిలారో, ఎదుటివారు ఎటు నుంచి చొరబడుతున్నారో అతనికి కనిపిస్తుంది. చూచినదాన్ని కేకవేసి చెప్పడం, సహచరులను సర్దడం అతనికి నిత్యకృత్యం. ఒకవిధంగా రక్షకుడు ఆడుతున్నంత కాలమూ సగం శిక్షకుడే.

తాను ఆడిన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బులకే ఆయన శిక్షకుడయ్యారు. 1990 ఆయన జీవితంలో స్మరణీయమైన సంవత్సరం. ఆ ఏడాది ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటినీ గెలుచుకొంది. దేశంలోని మూడు ప్రతిష్ఠాత్మక పోటీలను ఒకే సీజన్‌లో గెలవడాన్ని త్రికిరీట విజయమంటారు. ద్రోణాచార్య పురస్కారం లభించినదీ 1990లోనే.

శిక్షకునిగా నయీముద్దీన్‌కు కఠినుడని పేరు. సాధనకు వేళకు రావాలి. తిండి మీద అదుపు ఉండాలి. నిద్రకు నియమం ఉండాలి. బిర్యానీకి పేరుపొందిన నగరంలో పుట్టిన ఈ శిక్షకుడు ఆటగాళ్ల భోజనం విషయంలో ఏమాత్రం ఉపేక్షించేవారు కాదు. ఎంత పేరున్న ఆటగాడైనా నియమానికి అతీతుడు కాడన్నది ఆయన పట్టుదల. ఈ పట్టుదలకు రెండు ముఖాలు ఉన్నాయి. దీనివల్ల సాధారణమైన జట్లు కూడా శరీరదార్ఢ్యంలో, ఐకమత్యంలో మేటి జట్లతో తలపడగలిగాయి. అదే సమయంలో, కాలం మారి ఆటగాళ్లు తారలుగా వెలుగుతున్న రోజుల్లో ఈ పద్ధతి మరీ పాతదని అనుకొన్నవారూ ఉన్నారు. ఏమైనా, తాను పాటించని నియమాన్ని ఇతరుల మీద రుద్దినవాడన్న నింద మాత్రం ఆయనకు అంటలేదు.

భారత జాతీయ జట్టుకు ఆయన వేర్వేరు కాలాల్లో శిక్షకునిగా పనిచేశారు. 1997లో ఖాట్మండులో జరిగిన దక్షిణాసియా పోటీలో భారత్ ఫైనల్లో మాల్దీవులను 5–1తో ఓడించి విజేతగా నిలిచింది. ఐ.ఎం. విజయన్ ఆ పోటీలో అత్యధికంగా ఆరు గోళ్లు సాధించారు. 2005 డిసెంబర్‌లో కరాచీలో జరిగిన అదే పోటీలో బైచుంగ్ భూటియా నాయకత్వంలో భారత్ బంగ్లాదేశ్‌ను 2–0తో ఓడించి మరల కప్పు గెలుచుకొంది. ఈ రెండు విజయాల వెనుకనున్న శిక్షకుడు నయీముద్దీనే.

ఆయన విద్య దేశపు సరిహద్దులు కూడా దాటింది. ఢాకాలోని బ్రదర్స్ యూనియన్ జట్టు ఆయన శిక్షణలో 2003–04 సీజన్‌లో ఢాకా లీగు విజేత అయింది. 2007లో ఆయన బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు శిక్షకుడయ్యారు. తూర్పు బెంగాల్ కాందిశీకుల క్లబ్బులో ఆటగానిగా పేరు తెచ్చుకొన్న హైదరాబాదీ, ఆ తూర్పు బెంగాల్ నేలమీదనే గురువుగా గౌరవం పొందడం చరిత్రలోని ఒక చక్కని మలుపు.

యోకోహామా చెప్పిన పాఠం

విజయాలతో పాటు ఒక గొప్ప పరాజయాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2007 ఆసియా కప్పుకు అర్హత సాధించే పోటీల్లో భాగంగా 2006 ఫిబ్రవరి 22న భారత జట్టు జపాన్‌లోని యోకోహామాలో ఆడింది. భారత శిక్షకుడు నయీముద్దీన్. జపాన్ శిక్షకుడు బ్రెజిల్‌కు చెందిన జగత్ప్రసిద్ధ క్రీడాకారుడు జీకో. ఆ పోటీలో భారత్ 6–0తో ఓడిపోయింది. వారం తిరగగానే ఢిల్లీలో యెమెన్ చేతిలో 3–0తో మరో ఓటమి ఎదురైంది. ఆ తరువాత జాతీయ జట్టు బాధ్యత ఇంగ్లండుకు చెందిన బాబ్ హౌటన్‌కు అప్పగించారు.

1970లో బాంకాక్‌లో జపాన్‌కు ఒక్క గోలు కూడా ఇవ్వని జట్టు నాయకుడే, ముప్పయి అయిదేళ్ల తరువాత అదే జపాన్ తన జట్టు మీద ఆరు గోళ్లు వేయడం పక్కన నిలబడి చూడవలసి వచ్చింది. క్రమశిక్షణ లోపించిందా? గురువు మారిపోయాడా? రెండూ కావు. ఈ కాలంలో మారినది జపాన్.

ఆ మార్పునకు బీజం వేసినది కూడా ఒక శిక్షకుడే. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు తమ జట్టును సిద్ధం చేయడానికి జపాన్ 1960లో జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే శిక్షకుణ్ణి పిలిపించుకొంది. ఆయన బంతిని ఆపడం, తన్నడం వంటి ప్రాథమికాంశాల నుంచి బోధన మొదలుపెట్టారు. వెళ్లబోయే ముందు కొన్ని సూచనలు చేశారు. దేశమంతటికీ ఒక లీగు ఉండాలని, శిక్షకులకు శిక్షణ ఉండాలని, మంచి పచ్చిక మైదానాలు ఉండాలని ఆయన సలహా. జపాన్ ఆ మాటలను పుస్తకంలో రాసి దాచుకోలేదు, ఆచరణలో పెట్టింది. 1965లో జాతీయ లీగు మొదలైంది. 1968లో ఒలింపిక్ పతకం వచ్చింది. ఆ తరువాత ఎన్నో ఒడిదుడుకులు ఎదురైనా ఆ పని ఆగలేదు. 1993లో వృత్తి ఆటగాళ్ల లీగు ప్రారంభమైంది. 1998లో జపాన్ మొదటిసారి ప్రపంచకప్పులో ఆడింది. 2002లో దక్షిణ కొరియాతో కలిసి ప్రపంచకప్పుకు ఆతిథ్యమిచ్చింది.

మన దేశంలోనూ రహీం వంటి గురువు అదే కాలంలో ఉన్నారు. ఆయన సాధించిన విజయాలు క్రామర్ సాధించిన వాటికి తీసిపోవు. అయితే రహీం మరణించిన తరువాత ఆయన విద్య శిష్యుల జ్ఞాపకాల్లో మిగిలింది కాని వ్యవస్థగా మారలేదు. మన దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగు మొదలైనది 1996లో మాత్రమే. క్రామర్ జపాన్‌లో ఒక చెట్టు నాటితే ఆ దేశం దానికి నీరు పోసింది. రహీం నాటిన చెట్టుకు నయీముద్దీన్ వంటి శిష్యులు తమ దోసిళ్లతోనే నీళ్లు మోయవలసి వచ్చింది. దోసిలితో ఎంతకాలం మోసినా తోట పెరగదు, చెట్టు మాత్రం ఎండిపోకుండా నిలుస్తుంది. నయీముద్దీన్ జీవితం విలువ ఇక్కడే ఉంది.

విద్య మిగలాలంటే

హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణతకు కారణాలు వెదకడం కష్టం కాదు. ఒకప్పుడు పోలీసుశాఖ, రైల్వేలు, ఇతర సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లను పోషించేవి. ఆట ఆడితే జీవిక దొరుకుతుందన్న నమ్మకం పేదకుటుంబాల పిల్లలకు ఉండేది. ఆ ఆదరణ క్రమంగా తగ్గింది. నగరం పెరిగినకొద్దీ ఖాళీస్థలాలు ఇళ్లుగా మారాయి. క్రికెట్ ప్రాబల్యం పెరిగింది. 2019లో హైదరాబాదు పేరుతో ఏర్పడిన ఒక వృత్తి జట్టు 2021–22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగు కప్పును గెలిచి ఆశలు రేకెత్తించింది. కాని ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలవడం కన్న పాదు నిలపడం కష్టమని ఈ ఉదంతం మరొకసారి నిరూపించింది.

అయితే ప్రతిభకు మాత్రం కరువు లేదు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఎంపికై, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తరువాత నయీముద్దీన్ ఒకప్పుడు ఆడిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకే, దాని మహిళల జట్టులో, ఆడింది. మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట వంటి చోట చదువుకొనే విద్యార్థికి యోకోహామా, బాంకాక్ ఎంతో దూరంగా తోచవచ్చు. తండా నుంచి బయలుదేరిన బాలికకు కూడా అవి మొదట అంతే దూరం. దారి చూపే గురువు, ఆడుకోవడానికి నేల, సాధన ఆగకుండా సాగే ఏర్పాటు, ఈ మూడూ దొరికిన చోట దూరం తగ్గుతుంది.

నయీముద్దీన్ జీవితాన్ని గెలుపోటముల లెక్కతో తూచలేం. ఆయన ఒక ఉపాధ్యాయుని వద్ద కొద్దికాలం నేర్చుకొన్న విద్యను కలకత్తాలో ఆటగా చూపారు. బాంకాక్‌లో నాయకత్వంగా నిరూపించారు. ఖాట్మండులో, కరాచీలో, ఢాకాలో బోధనగా పంచారు. మైదానంలో రక్షకుని పని తన వెనుకనున్న గోలును కాపాడడం. ఆయన మైదానం వెలుపల చేసినదీ అటువంటి పనే. తనకన్న ముందు తరం అప్పగించిన విద్యను తరువాతి తరం చేతికి అందే వరకు కాపాడారు. అర్జునుని పేరిట, ద్రోణుని పేరిట లభించిన రెండు పురస్కారాలు ఆ అప్పగింతకు రెండు అంచులు. వాటి నడుమ గడిచిన ఇరవై సంవత్సరాల శ్రమకు పేరు లేదు, పతకం లేదు. ఏ విద్య అయినా ఒక తరం నుంచి మరొక తరానికి చేరుతున్నదంటే అటువంటి పేరులేని శ్రమ వల్లనే.